ఉమ్మెత్త: సాక్షిని చంపు విషము

పెన్న వెలిగొండలను చీల్చుకొని మైదానమునకు దిగు సోమశిల మొదలు ఆత్మకూరు, ఉదయగిరి మెట్టభూముల వఱకు ఉమ్మెత్త నెఱుగనివారుండరు. పాడుగోడల ప్రక్కను, పెంటకుప్పల మీదను, బాటల కిరువైపులను నీరు పోయువారు లేకయే యది పెరుగుచుండును. వినాయకచవితినాటి యిరువదియొక్క పత్రులలో దాని యాకొకటి; దాని పువ్వు శివపూజకు ప్రశస్తము. సంస్కృతమున దీనికి ధుత్తూరమనియు, కనకమనియు, ఉన్మత్తమనియు పేళ్లు గలవు. ఆ కడపటి మాటయే తెలుగునాలుకపై అరిగి ఉమ్మెత్త యైనది. పూర్వులు పెట్టిన పేరే యొక హెచ్చరిక. నేడు పేరు మిగిలినది, హెచ్చరిక మఱుగుపడినది.

మేము వైద్యులము కాము. న్యాయస్థానముల చుట్టు తిరుగువారము. అయినను ఉమ్మెత్తను గుఱించి పలుకుటకు న్యాయవాదికి గల హక్కు చిన్నది కాదు. ఇతర విషములు దేహమును చంపును. ఉమ్మెత్త దేహమును విడిచిపెట్టినను జ్ఞాపకమును చంపును. దాని పాలైనవాడు కోలుకొని లేచి కూర్చున్న పిదప తనకేమి జరిగినదో తానే చెప్పజాలడు. కావున వాని పక్షమున జ్ఞాపకముంచుకొనవలసిన భారము ఇరుగుపొరుగువారిపైనను, వైద్యునిపైనను, పోలీసువారిపైనను పడుచున్నది. ఆ భారమును మోయదగిన చదువు మన యూళ్లలో నున్నదా యనునదే మా ప్రశ్న.

లేదని చెప్పుటకు దూరము పోనక్కఱలేదు. 2020వ సంవత్సరము ఏప్రిలు తొలి దినములలో, కరోనా భయము దేశమునంతను ఇండ్లలో బంధించియున్నపుడు, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలమున రెండు కుటుంబములవారు సుమారు పదిమంది ఉమ్మెత్త గింజల రసము త్రాగి ఆసుపత్రి పాలైరి. టిక్‌టాక్‌లో నెవరో చూపిన దృశ్యమును వారు నమ్మిరి. ముండ్లతో గుండ్రనైన యా కాయ వైరస్సు బొమ్మను బోలియుండుటచే దానికది విరుగుడని చెప్పిరట! అదృష్టవశమున వారు చికిత్స పొంది బ్రతికి బయటపడిరి. వారిని చూచి నవ్వుట సులభము. కాని ఉమ్మెత్త తమ పెరటిలో పెరుగుచుండ, దాని గుణమును తమ ముత్తవ్వలెఱిగియుండ, చేతిలోని ఫోను చెప్పిన మాట ముత్తవ్వ మాటకంటె బలవత్తరమెట్లయ్యెనని విచారించుట మేలు. ముత్తవ్వ మాట మధ్యలో తెగిపోయినది. దాని స్థానమున బడి మాట రాలేదు. ఆ ఖాళీలోనికి ఫోను మాట ప్రవేశించినది. సంగతి యింతియే.

కావున ముందుగ ఈ మొక్క స్వభావమును చదువరులకు విన్నవింతుము.

వృక్షశాస్త్రజ్ఞులు ఉమ్మెత్తను వంగ కుటుంబమున జేర్చిరి. వంకాయ, మిరప, టమాట, ఉర్లగడ్డ, పొగాకు దీని జ్ఞాతులే. తెల్లపూవులదియు, ఊదాపూవుల నల్ల ఉమ్మెత్తయు మన ప్రాంతమున కానవచ్చును. నల్లనిదే విషము, తెల్లనిది సాధువను తలంపు కొందఱికి గలదు. అది నమ్మదగినది కాదు. ఆకు, పువ్వు, కాయ, గింజ, వేరు అన్నియు విషపూరితములే. ఆశ్చర్యమేమనగా, ఈ విషము వేళ్లలో తయారై పైకెక్కును. ఉమ్మెత్త వేరుమీద టమాట కొమ్మను అంటుగట్టినచో ఆ టమాటలోనికి గూడ విషమెక్కుట శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

విషద్రవ్యములు ముఖ్యముగ మూడు: హయోసయమిన్, హయోసిన్, అట్రోపిన్. హయోసిన్‌కే స్కోపొలమిన్ అని రెండవ పేరు. 1830వ దశకమున జర్మను రసాయనికులు బెల్లడోనా యను సీమమొక్కనుండి అట్రోపిన్‌ను వేఱుపఱచిరి. హయోసయమిన్ అణువులో కర్బనపు పరమాణువులు 17, ఉదజనివి 23, నత్రజనిది 1, ఆమ్లజనివి 3. హయోసిన్‌లో ఉదజని రెండు తగ్గి ఆమ్లజని యొకటి హెచ్చును. భేదమింత స్వల్పము. అయినను ఆ స్వల్పభేదముతో హయోసిన్ మెదడులోనికి మఱింత సులువుగ చొచ్చుకొనిపోవును. ఓడప్రయాణమున వాంతులు కాకుండుటకు చెవి వెనుక అంటించు పట్టీలో నుండునది ఈ హయోసిన్నే. ఆ పట్టీ మూడు దినములలో దేహమునకిచ్చు మందు మొత్తము ఒక్క మిల్లీగ్రాము. ఉమ్మెత్త కాయకు అట్టి కొలత లేదు. మొక్క మొక్కకు, నేల నేలకు, కాలమునుబట్టియు, ఆకు గింజల భేదమునుబట్టియు విషపు పాలు మాఱుచుండును. నిరుడు ఒకడు తిని బ్రతికినంతనే నేడు మఱియొకడు తిని బ్రతుకుననుట తూకము లేని త్రాసును నమ్ముట.

ఇక నీ విషము చేయు పని యెట్టిది? మన నాడులు తమ మాటను కండలకును, గ్రంథులకును, ఒండొంటికిని చేరవేయుటకు కొన్ని రసాయనములను రాయబారులుగ వాడుకొనును. అందొకటి అసిటైల్‌కోలిన్. 1921లో ఆటో లోవీ యను శాస్త్రజ్ఞుడు కప్ప గుండెలపై చేసిన ప్రయోగముతో ఇట్టి రసాయన రాయబారము రుజువైనది. 1936లో ఆయనకును, హెన్రీ డేల్‌కును నోబెల్ బహుమాన మీయబడినది. నోటిలో లాలాజలమూరించుట, చెమట పట్టించుట, కనుపాపను ముడుచుట, గుండె పరుగు తగ్గించుట, మూత్రాశయమును బిగించి మూత్రము వెడలించుట, మెదడులో క్రొత్త సంగతులను జ్ఞాపకమున నిలుపుట, ఇవి ఆ రాయబారి పనులలో కొన్ని. ఉమ్మెత్త విషము ఈ రాయబారిని చంపదు. అతడు ప్రవేశింపవలసిన ద్వారమున తాను ముందుగ కూర్చుండును. రాయబారి వచ్చును, లోనికి దారి దొరకదు.

ఫలితముగ అరగంట, గంటలోపల నోరెండును. మ్రింగుట కష్టమగును. చెమట పట్టక ఒడలు కాలును, ముఖమెఱ్ఱబడును. కనుపాప విచ్చుకొని వెలుతురు భరింపరానిదగును. గుండె పరుగెత్తును, మూత్రము బిగియును, అడుగు తూలును, మాట ముద్దయగును. పిమ్మట మతి చలించును. రోగి తనలో తాను గొణుగుకొనును. పక్కబట్టలను పీకును. వ్రేళ్లకొనలనుండి లేని దారములను లాగును. ఎదుట లేనివారితో, పోయినవారితో సంభాషించును. ఒకటి రెండు దినములు ఈ స్థితి సాగవచ్చును. కనుపాప మామూలగుటకు మఱికొన్ని దినములు పట్టును. విషము మితిమీఱినచో జ్వరము పెచ్చుపెరిగి, స్పృహ తప్పి, ఊపిరియు గుండెయు నిలిచి ప్రాణము పోవును.

ఇచ్చట పట్టణపు యువకులతో నొక మాట. 1943లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్‌ఎస్‌డి ప్రభావమును కనుగొన్నది మొదలు చిత్తమును మార్చు మందులను గుఱించి పాశ్చాత్యదేశములలో చర్చయు, పరిశోధనయు విస్తరించినవి. ఆ వ్రాతలు చదివినవారిలో కొందఱు ఉమ్మెత్తను గూడ ఆ జాబితాలో చేర్చి, చట్టము నిషేధింపని చౌక వింతగ తలంచుచున్నారు. ఇది ఘోరమైన పొరపాటు. ఎల్‌ఎస్‌డియు, కొన్ని పుట్టగొడుగులలోని సిలోసైబిన్‌యు సెరటోనిన్ అను వేఱొక రాయబారి ద్వారములపై పనిచేయును. వాని సేవించినవాడు వింతలు చూచుచున్నను, అవి మందు వింతలని సాధారణముగ నెఱిగియే యుండును. అవియు నిరపాయములని మేము చెప్పుటలేదు. చట్టము వానిని నిషేధించియే యున్నది. కాని ఉమ్మెత్త తిన్నవానికి తాను తిన్న సంగతియే గుఱుతుండదు. లేని బావి వానికి బాటయగును. ఉన్న బావి వానికి కానరాదు. అది దర్శనము కాదు, సన్నిపాతము.

అమెరికాలోని జేమ్స్‌టౌన్ అను చోట 1676లో తిరుగుబాటు నణచవచ్చిన ఆంగ్ల సైనికులు కొందఱు ఉమ్మెత్తజాతి మొక్క యాకులను కూర వండుకొని తిని పదునొకండు దినములు వెఱ్ఱివారై తిరిగిరని 1705లో రాబర్ట్ బెవర్లీ తన చరిత్రలో వ్రాసెను. తేఱుకొన్న పిదప జరిగినదేదియు వారికి జ్ఞాపకము లేదట. ఈ కడపటి సంగతియే మాకు ముఖ్యము.

మన దేశమున దొంగలు ఈ గుణమును శతాబ్దముల క్రిందటనే కనిపెట్టిరి. 1563లో గోవాలో అచ్చుపడిన గార్సియా ద ఓర్తా గ్రంథములో, ఉమ్మెత్తతో మతి తప్పించి నగలు దోచుకొను దొంగతనము ప్రస్తావింపబడినది. పందొమ్మిదవ శతాబ్దపు వైద్యన్యాయ గ్రంథములు దీనిని బాటసారుల విషమని వర్ణించినవి. సత్రములో స్నేహము నటించి, అన్నములోనో మిఠాయిలోనో గింజల పొడి కలిపి, మూట యెత్తుకొనిపోవు వారి కథలు వానిలో పెక్కు గలవు. కల్లుకు కైపు హెచ్చించుటకు ఈ గింజలు కలుపు దుర్మార్గమును ఆ గ్రంథములు పేర్కొనినవి. 1860 నాటి శిక్షాస్మృతిలో 328వ సెక్షను ఇట్టి నేరమునకు పదేండ్ల వఱకు శిక్ష విధించెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అదియే 123వ సెక్షనైనది.

శిక్ష యున్నది, రుజువెక్కడ? దోపబడినవాడు బోనులో నిలిచి, ఎవరిచ్చిరో, ఏమి తింటినో, ఎప్పుడు పడిపోయితినో చెప్పజాలడు. చెప్పినను అందు సగము భ్రమ. ప్రతిపక్ష న్యాయవాది రెండు ప్రశ్నలతో వానిని కూలద్రోయును. ఇట్టి వ్యవహారములలో మాట్లాడగల సాక్షులు వాంతి, మూత్రము, మిగిలిన యన్నము, పాత్ర యడుగున నంటిన గింజ. వీనిని మొదటి గంటలలో భద్రపఱచినవాడే న్యాయమును నిలుపును. శుభ్రమనుకొని ఇల్లు కడిగినవారు తెలియకయే నేరస్థుని కాచినవారగుదురు. పూర్వము వైద్యులు రోగి మూత్రపు బొట్టును పిల్లి కంటిలో వేసి కనుపాప విచ్చునేమోయని చూచెడివారు. నేడు రసాయన పరీక్షాశాలలు స్వల్పాంశమును గూడ గుర్తించును. కాని పరీక్షాశాల తనకు పంపినదానినే పరీక్షించును.

గింజ దొరికినను తగవు తీరదు. ఉమ్మెత్త గింజ మిరపగింజను బోలియుండును. రెండు నొక కుటుంబమువే గదా! భేదములను 1920లో వెలువడిన జయసింగ్ మోదీగారి వైద్యన్యాయశాస్త్రము మొదలుకొని న్యాయవాదులు చదువుచునే యున్నారు. చదువవలసినది గృహిణులును, హోటలువారును. మిరపగింజ లేతపసుపు, నునుపు, గుండ్రన, ఘాటైన వాసన. ఉమ్మెత్త గింజ ముదురు గోధుమరంగు, మూత్రపిండపు ఆకారము, గుంటలు పడిన పైచర్మము, అంచున జంటగట్లు, వాసన లేదు. ఈ నాలుగు ముక్కలు బడిలో చెప్పుటకు పావుగంట చాలును.

ఈ విషయమై మఱియొక వింత గలదు. జ్ఞాపకమును చెఱుపు హయోసిన్‌నే 1922లో అమెరికాలో రాబర్ట్ హౌస్ అను వైద్యుడు ఖైదీలచే నిజము పలికించుటకు ప్రయోగించెను. మత్తులో నున్నవాడు అబద్ధమాడలేడని ఆయన తలంపు. మత్తులో నున్నవాడు నిజమును గుర్తింపనూ లేడని తరువాతివారు గ్రహించిరి. ఇట్టి మందుల పరీక్షలను మనుష్యుని సమ్మతి లేక జరుపరాదని మన సుప్రీముకోర్టు 2010 మే 5వ తేదీన సెల్వీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. మతి చెఱచి రాబట్టిన మాట సాక్ష్యము కాదను ధర్మము ఇందు స్థిరపడినది.

ఇంత కీడు చేయు మొక్కను పెఱికి తగులబెట్టరాదా యని కొందఱు మమ్మడుగవచ్చును. మేము వలదందుము. ఉమ్మెత్త మనకు చేసిన మేలు సామాన్యము కాదు. 1804లో జపానులో హనఓకా సీషూ అను వైద్యుడు ఉమ్మెత్త ముఖ్యముగ గల కషాయముతో రోగిని నిద్రపుచ్చి రొమ్ముపుండు శస్త్రచికిత్స చేసెను. బోస్టనులో ఈథరు ప్రదర్శనకు అది నలువదిరెండేండ్లు ముందు. ఆ మోతాదును కనుగొనుటకు తన తల్లియు, భార్యయు ప్రయోగములకు లోబడిరనియు, భార్య చూపు కోల్పోయెననియు చెప్పుదురు. కొలత నేర్చుటకు మనుష్యజాతి చెల్లించిన మూల్యమట్టిది! ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ త్రాగించు మన దేశపు చికిత్సను 1802లో మద్రాసు ప్రధానవైద్యుడు జేమ్స్ ఆండర్సన్ మెచ్చి చెప్పగా అది బ్రిటనుకు చేరినది. నేడు ఉబ్బసపు రోగులు పీల్చు ఇప్రట్రోపియం అట్రోపిన్‌నుండి పుట్టినదే. ఆయుర్వేదమున గింజలను ఆవుపాలలో దోలాయంత్రమున శోధించి గాని వాడరు. కనకాసవమున నీ మొక్కయే కనకము.

అన్నిటికంటె మించినది మన రైతునకు సంబంధించినది. ప్రత్తికి, మిరపకు చల్లు పురుగుమందులు కొన్ని దేహములో అసిటైల్‌కోలిన్‌ను విఱుగనీయవు. రాయబారి మితిమీఱి నోట నురుగు, ఊపిరితిత్తుల నీరు, కండల వణకు కలిగి ప్రాణము పోవును. అప్పుడు వైద్యుడు పరుగెత్తి యెక్కించునది అట్రోపిన్. తలుపు మూయుటయే దోషమైన విషము, తలుపు బ్రద్దలగుచున్నపుడు గడియయగుచున్నది. అప్పుల బాధకు పురుగుమందు త్రాగిన ఎందఱో అన్నదాతలను మృత్యుముఖమునుండి లాగినది ఉమ్మెత్తలోని ద్రవ్యమే. అట్టి మొక్కను శత్రువని ప్రకటించుట కృతఘ్నత.

మత్తుమందుల చట్టమున చేర్చుట కూడ నిష్ప్రయోజనము. 1985 నాటి ఆ చట్టపు జాబితాలో ఉమ్మెత్త లేదు. చేర్చినచో పెంటకుప్పల పైని ప్రతి మొక్కకు నొక ముద్దాయిని వెదుకవలసివచ్చును. పోలీసువారికి పని, పేదవారికి భయము, పరీక్షాశాలకు శూన్యము మిగులును.

మఱి చేయవలసినదేమి? మొదటిది, భాష. ఔషధనియమావళిలోని విషద్రవ్యముల పట్టికలో ధుత్తూరమున్నది. అట్టి ద్రవ్యముతో చేసిన ఆయుర్వేదపు మందుసీసాపై వైద్యుని పర్యవేక్షణలోనే సేవింపవలెనను హెచ్చరికను ఇంగ్లీషు, హిందీ భాషలలో ముద్రింపవలెనని నియమము. మందు త్రాగువాడు తెలుగువాడు; హెచ్చరిక మాత్రము అతనికి రాని భాషలో! ఉదయగిరి కొండమీదనుండి దిగివచ్చి సీసా కొనిన వృద్ధునికి ఆ యక్షరములు చీమలబారు. అమ్ముడుపోవుచోటి భాషలో గూడ హెచ్చరిక యుండవలెనని నియమమును సవరింపుమని మన శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును కోరుట వారి ధర్మము. ఇందు రూపాయి ఖర్చు లేదు.

రెండవది, బడి. వినాయకచవితికి పత్రి కోయుటకు పిల్లలను పంపుదుము. ఉమ్మెత్త కోసిన చేతితో కన్ను నలిపినంతనే కనుపాప విచ్చి చూపు మసకబాఱవచ్చును. ఆ యుదయమున ఉపాధ్యాయుడు పత్రుల పేళ్లతోపాటు గుణములను చెప్పి, చేతులు కడుగుడని నేర్పిన నది పూజకు కొఱత కాదు, పూజలో భాగమే. ఏ కొయ్య గరిటెకు, ఏ కొయ్య గిన్నెకు పనికివచ్చునో ఉదయగిరి కొయ్యపనివారి పిల్లలు తండ్రుల చేతులను చూచి నేర్చుకొనుచున్నారు. చెట్టును గుఱించిన విద్య అట్లు చేతినుండి చేతికి రావలెను.

మూడవది, తొలిగంట కర్తవ్యము. నోరెండి, ఒడలు కాలి, కనుపాపలు విచ్చి, గాలిలో దారములు లాగుచున్న మనుష్యుని చూచినచో అది దయ్యము కాదు, ఉన్మాదము కాదు, విషమని శంకింపుడు. మంత్రగాని కొఱకు పంపవలదు, కట్టివేయవలదు, కొట్టవలదు. మతి లేనివాడు మ్రింగలేడు గనుక నోట మజ్జిగ, చింతపులుసు పోయవలదు. నూతులకును, మెట్లకును, రోడ్డుకును దూరముగ నుంచి, ఒడలు చల్లబఱచుచు, 108కి కబురుచేసి ఆసుపత్రికి చేర్పుడు. తిన్నదానిలో మిగిలినది, వాంతియైనది ఒక శుభ్రమైన సీసాలో నుంచి మూతవేసి వైద్యునికప్పగింపుడు. ఫైసోస్టిగ్మిన్ అను విరుగుడు గలదు. అది వైద్యుని చేతిలోని యాయుధము, ఇంటి వైద్యమునకు సంబంధించినది కాదు.

గ్రంథాలయములలో ఈ పత్రిక చదువు మిత్రులను మేము కోరునది యొకటే. ఈ కడపటి పేరాను చదువనేరని నలుగురికి చదివి వినిపింపుడు. మీ గ్రామపు ఆశా కార్యకర్తతో చర్చింపుడు. గ్రంథాలయపు గోడమీద రెండు గింజల బొమ్మలు, మిరపదియు ఉమ్మెత్తదియు, ప్రక్కప్రక్కన వ్రాయించి పెట్టుడు. విషము తిన్నవానికి ఆనాటి సంగతులు జ్ఞాపకమునకు రావు. అవి ఊరికి జ్ఞాపకముండవలెను.